కట్టెలు లేని ఇల్లు

"పెట్టె తెరవమ్మా. ఒక్క పుస్తకపు చుట్ట దాచినా ఊరుకోను," అన్నాడు లియోక్రిటోస్ గుమ్మంలోంచే.

మెలిత్త పెట్టె తెచ్చి వాకిట్లో పెట్టింది. పోయిన భర్త దియోకరీస్ రాసిన పుస్తకానికి ఏథెన్స్‌లో మిగిలిన ఆఖరి ప్రతులు అవి. దైవదూషణ అని కేసు పెట్టి దియోకరీస్‌ను దేశం దాటించింది ఈ లియోక్రిటోసే. పాపం, ఆయన ఓడలోనే కన్నుమూశాడు.

అసలు గొడవ దైవం గురించి కాదు. ఓ విందులో దియోకరీస్, "భక్తంటే ఏమిటి బాబూ?" అని అడిగితే లియోక్రిటోస్ నోరు తెరిచి, అలాగే మూశాడు. విందుకొచ్చినవాళ్ళంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ నవ్వు ఇంకా అతని చెవుల్లోనే ఉంది. అప్పటినుంచీ భక్తినే వృత్తిగా పెట్టుకున్నాడు. ఊరేగింపులో తుమ్మినవాడికి జరిమానా వేయించాడు. ఎవరి నేలలో ఉన్నా అథీనా దేవికే చెందే పవిత్ర ఆలివ్ చెట్టు ఎండుకొమ్మ విరిచాడని నిరుడో ముసలి రైతును ఊరినుంచే వెళ్ళగొట్టించాడు.

"ఇందులో ఏముందో చదివారా అయ్యా?"

"ఛీ! నా కళ్ళు మైలపడవూ? సంతలో అందరి ముందూ కాలుస్తాను."

"కాల్చండి. దారిలో ఆయన శిష్యులు కాపు కాశారట, చూసుకోండి మరి."

లియోక్రిటోస్ పెట్టె ఎత్తబోయి ఆగాడు.

"ఇక్కడే కాల్చేస్తే పోలా?" అన్నాడు సాక్షిగా వచ్చిన పాంఫిలోస్, చెమట తుడుచుకుంటూ. రెండో సాక్షి తలూపాడు.

"పొయ్యెక్కడ?" అన్నాడు లియోక్రిటోస్.

"అయ్యో! హెస్టియా దేవి కొలువుండే పొయ్యిలో దూషణ కాలుస్తారా? మీరు?"

లియోక్రిటోస్ నాలిక కరుచుకున్నాడు. "అయితే కట్టెలు తే. వాకిట్లోనే మంట వేద్దాం."

"ఇంట్లో పుల్ల కూడా లేదయ్యా. మగదిక్కు లేని కొంప."

గోడకు గొడ్డలి మాత్రం ఆనించి ఉంది. పెరట్లో దడి నిండా తడిబట్టలు ఆరేసి ఉన్నాయి. వాటి వెనక, దడి లోపల ఎండిన పాత మోడు కనబడింది.

"అదుందిగా!"

"అది వద్దయ్యా, మీ కాళ్ళు పట్టుకుంటా. అది మాది కాదు."

"పుస్తకాలు కాపాడుకోడానికి ఎన్ని వేషాలమ్మా! ఎవరిదైతే నాకేం? అడిగినవాళ్ళకు నేను జవాబు చెప్పుకుంటా. విన్నారుగా?"

"విన్నాం," అన్నారు సాక్షులిద్దరూ.

గొడ్డలి తనే పట్టాడు. ఒక్కో వేటుకూ ఆ విందులో నవ్విన ముఖాలు ఒక్కొక్కటీ రాలిపోతున్నట్టు హాయిగా ఉంది. మంట లేచింది. చుట్టలన్నీ ముడుచుకుని నల్లబడ్డాయి. ఆమె ఏడుస్తుందేమోనని ఆశగా చూశాడు. మెలిత్త ఆరిన బట్టలు మడతపెడుతోంది.

"ఇప్పుడు నవ్వమనమ్మా మీ ఆయన్ని!"

"ఆయనెక్కడ నవ్వుతారు లెండి. ఇంతకీ ఆ మోడు ఎవరిదో అడగలేదేం?"

"సరే, ఎవరిది?"

మెలిత్త దడి మీంచి చివరి దుప్పటి లాగి, దులిపింది.

"అథీనా దేవిది."