రాసిన చెయ్యి

"ఎవడో రాశాడమ్మా నా మీద. ఆ రాసిన చెయ్యి పడిపోను!"

చక్రపాణి బట్టల బుట్ట మోసుకొచ్చి ఎదురింటి రాధారాణి వంటగదిలో దించాడు. పైన రెండు తువ్వాళ్ళు. వాటి కింద లాప్‌టాప్, మూడు మెడికల్ కోడింగ్ పుస్తకాలు, ఒక నోట్సు.

"ఏమని రాశారు అన్నయ్యగారూ?"

అతను జేబులోంచి ఉత్తరం తీశాడు. "మీరు చదువుకుంటున్నట్టు మా ఆఫీసుకి తెలిసింది, గురువారం పదింటికి మా మనిషి మీ ఇంటికి వస్తుంది. ఇదీ సంగతి. గురువారమంటే ఇవాళే. సర్కారు సాయం తినేవాడికి ఫీజు కట్టే డబ్బెక్కడిదని నిలదీయడానికి కాకపోతే ఇంటిదాకా ఎందుకొస్తారు?"

"ఇది అమెరికాలో బాతెల్ అన్నయ్యగారూ, మన ఊరు కాదు. ఇక్కడ అలా ఉండదేమో."

"సర్కారు ఎక్కడైనా సర్కారే. మా ఊళ్ళో తెల్లకార్డు తనిఖీ అంటే చాలు, టీవీ పక్కింటికి పోయేది. ఎవరడిగినా నీకేమీ తెలీదు. సరేనా?"

"పీక కోసినా చెప్పను."

"రాసింది కింది ఫ్లోర్ దివాకరే. లాండ్రీ రూములో నా పుస్తకం చూసి, ఈ వయసులో ఎగ్జామ్సా అంకుల్ అని నవ్వాడు. వాణ్ణి ఈ జన్మలో క్షమించను."

నడుము దెబ్బతిని గోడౌన్‌లో పని పోయినప్పటి నుంచి స్టేట్ ఇచ్చే సాయంతోనే అతనికి గడుస్తోంది. అద్దె అందులోంచే, బియ్యం అందులోంచే. ఆన్‌లైన్ కోర్సుకి రెండు టర్ముల ఫీజు కూడా ఒంటిపూట తిని అందులోంచే కట్టాడు. మిగిలింది ఒక్క టర్ము. రేపటి లోపు కట్టకపోతే పేరు కొట్టేస్తారు. చేతిలో చిల్లిగవ్వ లేదు. ఇప్పుడు ఆ సాయం కూడా ఊడితే చదువు సంగతి అటుంచి, తిండే ఉండదు.

ఇంట్లోకి వచ్చి గోడమీది పద్మ ఫొటో వైపు చూశాడు. భార్య పోయి పది నెలలు.

"చదువు చదువని చేర్పించావు. చూడు, ఎక్కడిదాకా వచ్చిందో" అని విసుక్కున్నాడు.

సరిగ్గా పదింటికి తలుపు చప్పుడైంది. మెడలో బ్యాడ్జి, చేతిలో ఫైలు, పాతికేళ్ళ అమ్మాయి. పేరు అంకిత అంది. తెలుగు పిల్ల. ఇంకా ప్రమాదం అనుకున్నాడు చక్రపాణి.

"అంకుల్, మీరు స్టడీ చేస్తున్నారు కదా?"

"నేనా? ఊళ్ళో బడితోనే సరి. నాకెక్కడి చదువమ్మా."

"ఆన్‌లైన్ కోర్స్ ఏం లేదా?"

"లేదు. మా ఆవిడ మీద ఒట్టు."

అంకిత గదంతా కలయజూసింది. ఖాళీ బల్ల, ఖాళీ అలమర. ఆమె మొహం చిన్నబోయింది.

"బుక్స్ లేవు, కంప్యూటర్ లేదు. అయితే నేను నో అని రాయాలి. సారీ అంకుల్. ఫీజ్ ఇవ్వలేం."

"ఏం ఫీజు?"

"మీ కాలేజ్ ఫీజ్. బెనిఫిట్స్ మీద ఉండి చదివేవాళ్ళకి స్టేట్ కడుతుంది. మీ పేరు వన్ ఇయర్ నుంచి వెయిట్‌లిస్ట్‌లో ఉంది. ఇప్పుడు మీ టర్న్ వచ్చింది. బుక్స్ చూసి సైన్ చేద్దామని వచ్చాను."

చక్రపాణి నడుము నొప్పి మరిచిపోయి ఎదురింటికి పరుగెత్తాడు. అంకిత వెనకాలే వచ్చింది.

"రాధమ్మా, నా పుస్తకాలు!"

రాధారాణి అతని వెనకున్న బ్యాడ్జిని చూసింది.

"ఏ పుస్తకాలు?"

"అవే! పొద్దున ఇచ్చినవి!"

"ఈయనకి చదువేమిటమ్మా" అంది అంకితతో. "కరెంటు బిల్లు కూడా నేనే చదివిపెడతాను."

"తల్లీ, నీకు దండం పెడతాను. బుట్ట ఇయ్యి!"

"మీరు కంగారు పడకండి అన్నయ్యగారూ. నేనున్నాగా" అని ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

చక్రపాణి ఆమెను తప్పించుకుని లోపలికి దూరి బుట్ట తెచ్చి బోర్లించాడు. తువ్వాళ్ళతో పాటు పుస్తకాలు అంకిత కాళ్ళ దగ్గర పడ్డాయి. ప్రతి పేజీ అంచునా పెన్సిలుతో రాసుకున్న తెలుగు అర్థాలు. అంకిత ఫక్కున నవ్వి, ఫైల్లో సంతకం చేసింది.

"ఈరోజే కాలేజ్‌కి ఫీజ్ వెళ్ళిపోతుంది. ఎగ్జామ్స్ బాగా రాయండి అంకుల్."

చక్రపాణి రెండు చేతులూ జోడించాడు.

"నీ మేలు మరిచిపోనమ్మా. నా గురించి రాసినవాళ్ళ మేలు అసలే మరిచిపోను. దివాకర్ కదూ? అనరాని మాట అన్నాను. ఇప్పుడే కిందికి పోయి అతని చేతులు పట్టుకుంటాను."

"ఎవరో నాకు తెలీదు అంకుల్. ఆఫీస్‌కి వచ్చి మీ గురించి చెప్తే మావాళ్ళు టైప్ చేశారు. కింద సైన్ ఒక్కటే వాళ్ళది. అది తెలుగులో ఉంది. నాకు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు." అంకిత ఫైల్లోంచి కాగితం తీసి అతనికిచ్చింది. "మీరే చూడండి."

"చదవండి అన్నయ్యగారూ, ఆ చెయ్యి ఎవరిదో" అంది రాధారాణి.

చక్రపాణి కాగితాన్ని వెలుగులోకి పట్టుకున్నాడు.

అట్టడుగున రెండే రెండు అక్షరాలు, గుండ్రంగా: పద్మ.