పక్కన పెట్టిన బండి

కుప్పం నుంచి బెంగళూరు పోయే పొద్దుటి ప్యాసింజరు మళ్ళీ ఆగింది. వెనకొచ్చే ఎక్స్‌ప్రెస్ కోసం పక్కన పెట్టారు.

"పదకొండు నిమిషాలు పడుతుందప్పా," అన్నాడు కిటికీ పక్కనున్న రాజగోపాల్, నోటుబుక్కులో టైము రాసుకుంటూ.

సరిగ్గా పదకొండు నిమిషాలకే బండి కదిలింది.

మునికుమార్‌కు ఒళ్ళు మండింది.

పన్నెండేళ్ళుగా ఆ పెట్టెలో బండి సంగతులు చెప్పే మొనగాడు తనే. ఈ ముసలాయన మూడు నెలల కిందట పుంగనూరు నుంచి కూతురింటికి వచ్చాడు. ఇప్పుడు అందరూ ఆయన్నే అడుగుతున్నారు. ఇన్నాళ్ళూ మునికుమార్‌కు సీటు పట్టిన పూల బయ్యమ్మ కూడా ఇప్పుడు ఆయనకే పడుతోంది.

"హైస్పీడ్ లైను వస్తే మన బండి ఎత్తేస్తారంట గదా పెద్దాయనా?" అడిగింది బయ్యమ్మ.

"పెద్ద బండ్లు ఆడికి పోతే ఈ లైను ఖాళీ అవుతాదమ్మా. ఆ ఖాళీ మనకే ఇస్తామని ముందే రాయించుకోవాల. లేకుంటే గూడ్సు బండ్లకిచ్చేస్తారు."

సోమవారం కుప్పంలో ఆ హైస్పీడ్ లైను గురించి అధికారుల మీటింగు. రాజగోపాల్‌ను మాట్లాడమందామన్నారు పెట్టెలోని వాళ్ళు.

ఆయన దిగేదాకా మునికుమార్ ఎలాగో ఓర్చుకున్నాడు.

"పుంగనూరికి రైలే లేదు. మనకుండాదని ఆయప్పకు కడుపుమంట. హైస్పీడోళ్ళ మనిషి గాకుంటే ఆ రాతలు యాల?"

నలుగురూ తలలూపారు. కడుపుమంట ఎవరిదో ఒక్కరికీ తోచలేదు.

మర్నాడు బయ్యమ్మ రాజగోపాల్‌కు సీటు పట్టలేదు. ఎవరూ పలకరించలేదు. ఆ తర్వాత రాజగోపాల్ బండెక్కలేదు.

మీటింగులో మునికుమారే లేచి గొంతు చించుకున్నాడు. అధికారి ఓపిగ్గా విన్నాడు.

"రోజూ ఎంతసేపు ఆపుతున్నారో తేదీలతో రాసింది ఉంటే ఇప్పుడే ఇవ్వండి. ఖాళీ అయ్యే టైము మీ బండికే ఇవ్వాలని ఫైల్లో పెడతాను. ఈరోజే ఆఖరు."

"శానాసేపు ఆపుతారు సార్," అన్నాడు మునికుమార్.

అధికారి పెన్ను మూసి తర్వాతి ఊరిని పిలిచాడు.

మునికుమార్ సిగ్గు విడిచి రాజగోపాల్ కూతురు నీరజ ఇంటికి పరుగెత్తాడు.

"నాయన నిన్ననే పుంగనూరికి పోయినాడన్నా. రాసిందంతా ఎత్తుకోనే పోయినాడు."

"ఊరికి రైలు లేని మనిషికి మా బండి మీద అంత ఆరాటం యాలమ్మా?"

నీరజ అతన్ని వింతగా చూసింది.

"రిటైరయ్యేదాకా మీ బండి నడిపింది ఆయనే గదన్నా, పక్కన పెట్టినప్పుడల్లా మీరంతా ఇంజను కాడికొచ్చి మొగమన్నా చూడకుండా తిట్టింది ఆయన్నే."