మంచమంత ఎండ

వ్యాపారం మొదలుపెట్టేనాటికి నా చేతిలో ఉన్నది మేడ మీద మంచమంత ఎండ. చుట్టూ అరవై అంతస్తుల భవనాలు లేచాక, మా వీధిలో రోజూ కాసేపైనా ఎండ పడే చోటు అదొక్కటే మిగిలింది. అక్కడ మినప వడియాలు ఎండబెట్టి అమ్మాను. అసలైన ఎండలో ఎండిన సరుకని జనం ఎగబడ్డారు.

నా భార్య శేషారత్నం పక్కన నీడలో కూర్చుని వడియాలు పెట్టేది. వడియం కాస్త మెత్తగా ఉన్నా నేను కొట్టుకు రానిచ్చేవాణ్ణి కాదు. ఏటికేడు ఆమె ఒళ్లు పెరిగింది, ఎముకల నొప్పులు మొదలయ్యాయి, షుగరొచ్చింది.

"డి విటమిన్ అడుగంటింది. లావుకీ షుగరుకీ అదొక్కటే కారణమనను గానీ, సంబంధం ఉంది. మాత్రలతోపాటు రోజూ ఎండలో కూర్చోబెట్టండి" అంది డాక్టరమ్మ.

"నేను కూర్చుంటే వడియాలు మీ ఒళ్లో ఎండుతాయా?" అని నవ్వింది రత్నం.

"ఈ వేసవి గడవనీ" అన్నాను.

షుగరు ముదిరి కాలు తీసేశాక, వడియాల బట్ట పక్కకు లాగి ఎండలో ఆమె కుర్చీ వేశాను. కాఫీ తెచ్చేసరికి కుర్చీ నీడలోకి జరిగి ఉంది. రత్నం ఊతకర్రతో బట్టను మళ్లీ ఎండలోకి నెడుతోంది.

"నా నీడ పడుతోందండీ వాటి మీద. మెత్తబడితే మళ్లీ మీరే అంటారు."

ఆ రోజు ఒక్క వడియమూ మెత్తబడలేదు. ఇన్నేళ్ల ఎండకు మా ఇంట్లో గట్టిపడినవి అవి మాత్రమే.