తినేది ఎప్పుడు?

“మీ ఆవిడ కుండీలో పూలమొక్క తెస్తే అప్పుడు భయపడు, పళ్ల షావుకారూ! వేళ్లు పాతుకుని ఇక్కడే ఉండిపోతావు!” ఆసుపత్రి గదిలో తెర అవతల మంచం మీంచి నెజు నవ్వాడు. “నన్ను చూడు. మా అమ్మాయి వచ్చే నెల వేడినీళ్ల బుగ్గలకు తీసుకెళ్తానంది.”

అతని రేడియోలో సుమో కుస్తీ జోరుగా సాగుతోంది. ఇవతల మంచం మీదున్న కిహచిరోకు నవ్వు రాలేదు. పరీక్షల ఫలితం వచ్చిందనీ, డాక్టరు తనను కాక భార్యను పిలిపించాడనీ పొద్దున నర్సు నోరుజారింది.

భార్య యాసుయో పూలగుత్తితో వచ్చి, రెండు మంచాల మధ్య బల్ల మీద అట్టపెట్టె, బట్టల మూట పెట్టింది.

“డాక్టరేమన్నాడే?”

“చెప్తానుండండి. ముందు ఈ పూలకి నీళ్లు పట్టుకొస్తా.”

ఆమె అటు వెళ్లగానే మూట వైపు చూశాడు. పెళ్లిళ్లకు కట్టే కిమోనో అంచు బయటికి కనబడుతోంది. మంచం పట్టినవాడికి అదెందుకు, ఆఖరి ముస్తాబుకా? పెట్టె మూత తీశాడు. రిబ్బను కట్టిన కర్బూజా. అలవాటు కొద్దీ అడుగున బొటనవేలితో నొక్కాడు.

వేలు దిగింది. చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

యాసుయో తిరిగొచ్చి, తెరిచిన పెట్టెను చూసి గతుక్కుమంది.

“ఈ పండు ఎంచింది నువ్వేనా?”

“నేనే. మెల్లిగా మాట్లాడండి.”

“మెల్లిగా ఏంటే! రోగికని పండు కొనేవాళ్లని ‘తినేది ఎప్పుడు?’ అని అడగమని నీకు నేర్పింది నేను కాదూ? ఇంటికెళ్లేవాడికి గట్టి పండు, వారం ఆగి తింటాడు. రేపన్నది లేనివాడికి మెత్తది, ఇవాళే తియ్యగా తినిపోతాడు. మన కొట్లో ఈ లెక్క ఎప్పుడైనా తప్పిందా?”

“అయ్యో, మీకు దణ్ణం పెడతా, ఊరుకోండి!” ఆమె మొహం పాలిపోయింది. చేత్తో అతని నోరు మూయబోయింది.

ఆ కంగారు చూడగానే అతనికి మిగిలిన కాస్త ఆశా పోయింది. చెయ్యి తోసేశాడు.

“దాచకే. మెత్తపండు వచ్చిందంటే చావు వచ్చినట్టే!”

తెర అవతల రేడియో ఆగిపోయింది.

యాసుయో కళ్లనీళ్లతో అతని చెవి దగ్గరికి వంగింది.

“ఆ బట్టలు మీరు ఇంటికి రావడానికండీ. వాళ్లమ్మాయి కొనిపంపిన ఆ పండు నెజు గారిది.”