తొంభై సెకన్లలో నాన్న

"ఇందులో నేను విలన్‌లా ఉన్నానేంటమ్మా?" అన్నాడు తండ్రి, కూతురి భుజం మీదుగా ల్యాప్‌టాప్‌లోకి తొంగిచూస్తూ.

తెర మీద ఆయనే ఉన్నాడు. తలుపు దడాలున మూశాడు. "నా కంఠంలో ప్రాణం ఉండగా ఈ పెళ్ళి జరగదు" అన్నాడు. తెర నల్లబడింది. సినిమా పేరు పడింది. తొంభై సెకన్ల ట్రైలర్ అయిపోయింది.

"ట్రైలర్ అంటే అంతే నాన్నా. చూసేవాళ్ళకి ఒక ప్రశ్న మిగలాలి. తండ్రి ఒప్పుకుంటాడా, ఒప్పుకోడా అని."

"ఒప్పుకున్నాను కదే. రిజిస్ట్రార్ ఆఫీసుకొచ్చి సాక్షి సంతకం కూడా పెట్టాను కదా. అదేదీ?"

"అది క్లైమాక్సు. ముందే చూపించేస్తే సినిమా ఎవరు చూస్తారు?"

ఆయన నీటి సరఫరా ఆఫీసులో సూపరింటెండెంటు. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఆయన నటించింది పైఅధికారి జోకులకి నవ్వడం వరకే. ఫిల్మ్ స్కూల్లో ఆఖరి ఏడాది చదువుతున్న కూతురు, తన సినిమాలో తండ్రి వేషానికి మనిషి దొరకలేదని బతిమాలితే మొహమాటానికి ఒప్పుకున్నాడు. కూతురి వేషం కూతురే వేసింది. ప్రేమికుడి వేషం ఆమె క్లాసులోని పొడుగబ్బాయిది.

ఆ పొడుగబ్బాయి సంగతి నిరుడు ఇంట్లో ఒకసారి రాకపోలేదు. "సినిమాలు తీసేవాడికి పిల్లనివ్వను" అని ఆయన ఒక్క మాటతో తేల్చేశాడు. కూతురు మళ్ళీ ఆ ఊసెత్తలేదు. బుద్ధిగా కూర్చుని స్క్రిప్టు రాసుకుంది. పిల్ల చదువులో పడిందని ఆయన మనసు కుదుటపడింది.

తీరా షూటింగు మొదలయ్యాక ఆయన మొహమాటం ఎటుపోయిందో పోయింది. అద్దం ముందు కోపం సాధన చేశాడు. ఆఫీసులో ఫైళ్ళు మానేసి డైలాగులు బట్టీ పట్టాడు.

"పోనీ, చివర్లో రెండే రెండు సెకన్లు. నేను జేబులోంచి పెన్ను తీసే షాట్. మా ఆఫీసువాళ్ళందరూ చూస్తారే. నన్ను మొండిఘటం అనుకోరూ?"

కూతురు నవ్వు ఆపుకుంటూ షాట్లని అటూ ఇటూ జరిపింది. పొడుగబ్బాయి వానలో తడుస్తూ నిలబడ్డ షాట్ ముందుకొచ్చింది. తండ్రి కేకలు దాని వెనక పడ్డాయి. మళ్ళీ ఆడించి చూస్తే ఆయన ఈసారి మరీ రాక్షసుడిలా ఉన్నాడు.

"ఇదింకా ఘోరం" అన్నాడు.

"నాకైతే రోజూ చూస్తున్నట్టే ఉంది" అంది బల్ల దగ్గర బీన్స్ తరుగుతున్న తల్లి.

"నీకేం తెలుసు నటనంటే? మిగతా సీన్లకి ఏడేసి టేకులు తీసింది నీ కూతురు. రిజిస్ట్రార్ సీను ఒక్క టేకుతో సరి. ఆ రిజిస్ట్రార్ వేషం వేసినాయనా తక్కువవాడు కాదు. నా గుర్తింపు కార్డు అడిగి, కళ్ళజోడు పైకి తోసుకుని మరీ చదివాడు. ఎక్కడ పట్టుకొచ్చావే ఆయన్ని?"

"వెతికితే దొరికారు" అంది కూతురు.

"సంతకం పెడుతుంటే నాకు నిజంగా కళ్ళ నీళ్ళు తిరిగాయి. గ్లిజరిన్ కాదు."

మౌస్ మీద ఆమె చెయ్యి ఆగిపోయింది.

"నిజంగానా?"

"మరి? ఆ పొడుగబ్బాయి నా వంక చూసిన చూపుందే... ఇలాంటివాణ్ణి కాదన్న తండ్రి వట్టి మూర్ఖుడనిపించింది."

"అంటే ఆ సంతకం మనస్ఫూర్తిగానే పెట్టావా నాన్నా?"

"మనస్ఫూర్తిగానే. ఎవరడిగినా చెబుతాను."

కూతురు తల్లి వంక చూసింది. తల్లి కత్తి పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది.

"ఇంకా ఎన్నాళ్ళు నానుస్తావే? చెప్పెయ్యి" అంది.

"ఏమిటి చెప్పేది? ఇస్తున్నావా రెండు సెకన్లు?" అన్నాడాయన ఆశగా.

కూతురు ల్యాప్‌టాప్ మూసి, కుర్చీ ఆయన వైపు తిప్పుకుని, ఆయన రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది.

"నాన్నా, ఆ సంతకం చెల్లుతుంది."