ముడి ఎవరిది?

కుంట ఒడ్డున తుమ్మకొమ్మకు గూడు అల్లుతున్నాడు గిజిగాడు. లోపల ఆలి గుడ్ల మీద కూర్చుంది. పాములు దూరకుండా గూటి గుమ్మం బిగించే కొత్త ముడి ఒకటి, వారం రోజులు తంటాలు పడి కనిపెట్టాడు. చివరి పోచ దూర్చబోతుంటే కాకి వచ్చి వాలింది.

"ఆపు గిజిగా. పోచను మెలితిప్పి వేసే ప్రతి ముడీ నాదే. గుడ్లగూబ దొర గోటిముద్ర వేసి మరీ రాసిచ్చాడు" అంటూ మోదుగాకు ఒకటి చూపించింది.

"మా తాతలనాటి నుంచీ మెలితిప్పుతూనే ఉన్నాం కదా కాకి బావా. ఈ ముడైతే నిన్ననే నేను కనిపెట్టింది."

"మెలిక ఉందా, లేదా? ఉంటే నాదే. కాదని వేశావో, దొరతో చెప్పి గూడు పీకించేస్తాను."

గిజిగాడి ముక్కులో పోచ అలాగే ఉండిపోయింది.

అంతలో చెట్టు మొదట్లో ఎండుటాకులు గలగలమన్నాయి. జెర్రిపోతు పైకి పాకుతోంది. గిజిగాడు ఇక ఆకు వంక చూడలేదు. పోచ దూర్చి, మెలితిప్పి, బిగలాగి పక్క రెమ్మకు ఎగిరాడు. పాము వచ్చి గుమ్మంలో తల పెట్టబోయింది. పట్టలేదు. రెండుసార్లు పొడిచి చూసి, పైకొమ్మన ఉన్న కాకి గూటివైపు తిరిగింది.

కాకి గిజిగాడి పక్కకు ఎగిరి వచ్చింది. "గిజిగా, నీకు దండం పెడతాను. నా పిల్లలున్నాయి. ఆ ముడి నా గూటికీ వేసిపెట్టు."

"ముడి నీదే కదా బావా" అన్నాడు గిజిగాడు. "వేసుకో."

కాకి ఆకు వదిలేసి గబగబా ఒక పోచ అందుకుంది. దాన్ని ఎటు తిప్పాలో దానికి తెలియలేదు.