జెండా వైపు వేలు

"అమ్మ సంగతి ఎత్తకు నాన్నా," అంది హనాదీ చర్చి మెట్లెక్కుతూ. "అందరికీ సలాం చెప్పు, నవార్ గుండె గురించి చెప్పు, దిగిపో. చాలు."

"జరిగింది జరిగినట్టే చెప్తా," అన్నాడు ఖలఫ్. "ఏడుపొస్తే ఏడుస్తా. నీకేంటి?"

నవార్ హనాదీ కూతురు. ఆరేళ్ళ పిల్ల. ఇంకా జోర్డాన్‌లోని శరణార్థుల శిబిరంలోనే పిన్ని దగ్గరుంది. గుండె కవాటం చెడిపోయింది. నాలుగడుగులు వేస్తే పెదాలు నీలమైపోతాయి. ఈ చలికాలం దాటడం కష్టమన్నాడు అక్కడి డాక్టరు. మిన్నసోటాలోని ఈ చిన్న ఊరి చర్చి పూచీపడితే పిల్లని రప్పించి ఆపరేషన్ చేస్తామంది ఆస్పత్రి.

పూచీపడాలో వద్దో ఈ ఆదివారం ప్రార్థనయ్యాక, భోజనాల దగ్గర చేతులెత్తి తేలుస్తారు. అంతకుముందు పిల్ల తాత నాలుగు మాటలు మాట్లాడాలన్నారు. ఊళ్ళో అరబీ, ఇంగ్లీషు రెండూ వచ్చింది హనాదీ ఒక్కదానికే. కనుక ఆయన చెప్పింది తనే తిప్పి చెప్పాలి.

హాలంతా కాల్చిన బంగాళాదుంపల వాసన, కాఫీ వాసన. వంటగది పెత్తనం చేసే ఆర్లిస్ ఎదురొచ్చి వాటేసుకుంది.

"ముందు కాస్త తిను పిల్లా. గాలొస్తే ఎగిరిపోయేలా ఉన్నావు!"

హనాదీ చూపు హాలు చివరికి పోయింది. కోట్లు తగిలించే కొయ్యల పక్కన, ఒక బల్ల దగ్గర కిర్‌స్టెన్ ఒక్కతే కూర్చుని ఉంది. పదకొండేళ్ళు ఈ చర్చిలో ఆర్గన్ వాయించిన మనిషి. పోయిన నెల ఇదే మైకులో ఒక్క మాటంది. హనాదీ వాళ్ళ దేశంలో ఇళ్ళ మీద పడ్డ బాంబుల్లో మనవీ ఉన్నాయి, అందుకు కూడా క్షమించమని అడుగుదాం అని.

సగం హాలు లేచిపోయింది. "మన దేశం అంత కంటగింపుగా ఉంటే అక్కడికే పోయి బతుకు!" అని కమిటీ పెద్ద వెర్లిన్ అరిచాడు. ఆ తర్వాతి ఆదివారం ఆర్గన్ ముందు వేరే మనిషి కూర్చుంది. కిర్‌స్టెన్ పక్కన మాత్రం ఎవరూ కూర్చోలేదు.

హనాదీ కూడా ఆ బల్ల వైపు వెళ్ళలేదు. ఛీ, ఏం బతుకు ఇది అనుకుంది.

ఖలఫ్ మైకు పట్టుకున్నాడు. రెండు మాటలు చెప్పి ఆగుతున్నాడు. హనాదీ అందుకుంటోంది.

"పొద్దున్నే మా ఆవిడ రొట్టెలు కాలుస్తోంది. విమానం ఊరి మీద రెండు చుట్లు తిరిగింది. మూడోసారి వదిలింది. పొయ్యి మిగిలింది. మనిషి మిగల్లేదు."

వెర్లిన్ ముప్పయ్యేళ్ళు వాయుసేనలో విమానాలు బాగుచేసినవాడు. చేతిలో ఫోర్కు కింద పెట్టేశాడు.

"ఎవరి విమానం?"

హనాదీ ఆ ప్రశ్నని తండ్రికి చెప్పింది. అంతే. ముసలాయన గొంతు ఒక్కసారిగా లేచింది. గడ్డం వణికింది. మైకు వెనక నిలబెట్టిన అమెరికా జెండా వైపు వేలు చాచి, "అమ్రీకా, అమ్రీకా" అన్నాడు. ఆ ఒక్క మాటకి అనువాదం అక్కర్లేకపోయింది. ఆర్లిస్ ఏప్రన్‌తో కళ్ళొత్తుకుంది.

హనాదీ గ్లాసెత్తి నీళ్ళు తాగింది. మళ్ళీ తాగింది. తల్లి చావు గురించి చెప్పాలంటే ఏ కూతురికి నోరొస్తుందిలే అని అందరూ జాలిగా ఆగారు.

"మా ప్రభుత్వం విమానమే," అంది చివరికి. "మా దేశం వాళ్ళే చంపారు. ఎవరి ముందైనా దాచకుండా చెప్తానంటున్నాడు. ఇన్నేళ్ళకి ఈ జెండా నీడలో ప్రాణం కుదుటపడిందంటున్నాడు."

కుర్చీలన్నీ ఒకేసారి వెనక్కి జరిగాయి. చప్పట్లు ఆగలేదు. వెర్లిన్ గబగబా వెళ్ళి ముసలాయన్ని గుండెలకి హత్తుకున్నాడు.

"సొంత ప్రభుత్వాన్ని వేలెత్తి చూపాలంటే దమ్ముండాలి! మగాడంటే ఈయనే!" అని కోట్ల కొయ్యల వైపు ఓ చూపు విసిరాడు. "కొందరు ఈయన్ని చూసి నేర్చుకోవాలి."

చేతులు లేచాయి. ఒక్కటి కూడా తక్కువ కాలేదు. అందరికంటే ముందు లేచింది కిర్‌స్టెన్ చెయ్యి. హనాదీ తలెత్తి అటు చూడలేకపోయింది.

ఆర్లిస్ కాఫీ తెచ్చిచ్చింది. "వచ్చే ఆదివారం కూడా మీ నాన్నని తీసుకురా. వెర్లిన్ టీవీ వాళ్ళని పిలిచాడు. పాపం నువ్వు మళ్ళీ కుమిలిపోతూ చెప్పక్కర్లేదులే, అరబీ వచ్చినాయన్ని వాళ్ళే వెంటబెట్టుకొస్తారట. ఆ మర్నాడే నీ పిల్ల కాగితాల మీద సంతకాలు!"

హనాదీ కాఫీ తాగకుండానే బల్ల మీద పెట్టేసింది.

"వద్దండీ... నాన్నకి ఒంట్లో బాగుండటం లేదు."

"ఊరుకో, రాయిలా ఉన్నాడు!" అని ఆర్లిస్ నవ్వేసింది.

కారులో హనాదీ స్టీరింగ్ పట్టుకుని భోరుమంది. బయట మంచు పడుతోంది.

"వచ్చే ఆదివారం రావద్దు నాన్నా. నీ కాళ్ళు పట్టుకుంటా. నవార్ మీద ఒట్టు."

"పిచ్చిదానా, ఎందుకు రాను?" ఖలఫ్ ముఖం ఎన్నేళ్ళకో వెలిగిపోతోంది. "నిన్నటిదాకా వీళ్ళ పేరెత్తితే ఒళ్ళు మండేది. ఇంత న్యాయం తెలిసిన మనుషులనుకోలేదు తల్లీ. నా పెళ్ళాన్ని చంపింది మీ విమానమే, ఇదిగో ఈ జెండా విమానమే అని వేలు పెట్టి మరీ చూపిస్తే, అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు కదే!"